ఏ యంత్రము కడ కూర్చున్నను మన దస్త్రము



మన పెద్దల యిండ్లలో భోషాణ మొకటి యుండెడిది. పొలముల పట్టాలు, శిస్తు రసీదులు, జాతకచక్రములు, తాతగారు వ్రాసిపెట్టిన లెక్కల చిట్టాలు, అన్నియు నందే యుండెడివి. భోషాణము కదలదు. తాలూకా కచ్చేరిలో నొక కాగితము చూపవలసివచ్చినచో మనుష్యుడు బండి కట్టించుకొని యింటికి వచ్చి, తాళము తీసి, కాగితము వెదకి, మరల కచ్చేరికి పోవలసినదే. కాగిత మున్నచోటికి మనుష్యుడు పోవుటయే గాని, మనుష్యు డున్నచోటికి కాగితము వచ్చుట మన పెద్ద లెరుగరు.

నేడట్లు గాదు. మన మనుమడు హైదరాబాదులో నొక కంప్యూటరు ముందు కూర్చుండి తన పేరును, పాస్‌వర్డు అను రహస్యపదమును టైపు చేసినంతనే, నిన్న విశాఖపట్టణములో సగము వ్రాసి విడిచిన లేఖ యా సగమునుండియే తెరపై నిలుచుచున్నది. లేఖయే గాక, వాడు తన కనుకూలముగా చేసికొన్న అమరికలు కూడ, అనగా అక్షరముల పరిమాణము, తెర రంగు, ఏ వస్తువు ఏ మూల నుండవలెనను నేర్పాటు, వాని వెంట వచ్చుచున్నవి. ఈ సౌకర్య మెట్లు పుట్టినదో, ఎవరు పుట్టించిరో, దానికై మన మే వెల యిచ్చుచున్నామో నేటి ప్రసంగమున మనవి చేసెదను. ఇది యరువది యేండ్లకు పైబడిన చరిత్ర. తిన్నని త్రోవయు గాదు. మొదట లభించినది నడుమ పోయినది. పోయినదానిని మరల సంపాదించుటకు మహాపండితులు చాల శ్రమపడిరి.

పూర్వము మన వర్తకులు హుండీ వ్రాయుట మీ రెరుగుదురు. బందరులో నొక సాహుకారుకడ సొమ్ము గట్టి, చీటి వ్రాయించుకొని, కాశిలో నాతని కొఠీవానికి చూపినచో అచట రొక్క మిచ్చువాడు. సంచులతో రూపాయలు మోసికొని పోవలసిన పని లేదు. ఐతే దీనికి మూడు కావలెను: సొమ్మును భద్రముగా నుంచువాడు కావలెను, చీటి నిజమైనదని గుర్తించు ఉపాయము కావలెను, ఒక కొఠీకిని మరియొక కొఠీకిని నడుమ రాకపోకలు కావలెను. మనము చెప్పుకొనబోవు చరిత్రయంతయు నీ మూడింటి చుట్టునే తిరుగుచున్నది.

1961వ సంవత్సరము నవంబరు మాసమున అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున, ఎమ్.ఐ.టి. యని ప్రసిద్ధి గన్న సంస్థలో, ఫెర్నాండో కార్బటో అను నాచార్యుడు తన సహచరులతో గూడి ఒక నూతన పద్ధతిని చూపించెను. అంతకుముందు కంప్యూటరనగా గదినిండ యుండు నొక మహాయంత్రము. పని కావలసినవాడు చిల్లులు పొడిచిన అట్టముక్కల కట్టను గుమాస్తా చేతికిచ్చి, ఫలితమునకై గంటలతరబడి, ఒక్కొకప్పుడు మరునాటివరకును కాచుకొని యుండవలెను. కార్బటో బృందమువారు ఆ యంత్రపు కాలమును చిన్నచిన్న తునుకలుగా ఖండించి, పలువురకు వంతులవారిగా పంచి యిచ్చిరి. పంపకము మిక్కిలి వేగముగా జరుగుటచే ప్రతివాడును యంత్ర మంతయు తనదే యని భావించెడివాడు. సుమారు ముప్పదిమంది ఏకకాలమున పనిచేయగలిగిరి. దీనికి సి.టి.ఎస్.ఎస్. అని పేరు. టైపు యంత్రమువంటి పరికరము నొకదానిని తీగతో తగిలించి, ఆ తీగ యే గదిలో నున్నను, టెలిఫోను మూలమున వేరొక యింట నున్నను, తన ఫైళ్లను తాను తెరచుకొనవచ్చును. ఏ పరికరము కడ కూర్చున్నను తన దస్త్రము తనకు దొరకుట యనునది లోకమున నిట్లు మొదలైనది.

అయితే ఒకే భోషాణమున ముప్పదిమంది కాగితము లుంచినప్పుడు ఒకరివి మరొకరు చూడకుండ నేమి చేయవలెను? కార్బటో చేసిన యేర్పాటు రహస్యపదము. నేడు మన మందరము జ్ఞాపక ముంచుకొనలేక విసుగు చెందు పాస్‌వర్డు కంప్యూటరులలో వాడుకకు వచ్చినది సి.టి.ఎస్.ఎస్. తోడనే. విచిత్రమేమనగా, దాని దొంగతనమును అచటనే, ఒక సంవత్సరములోపల పుట్టినది. 1962లో ఆలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు నాలుగు గంటల యంత్రకాలము మాత్రమే కేటాయించిరి. అతని పనికి నది చాలలేదు. యంత్రములోని ఫైలు నేదైన అచ్చువేయుమని అట్టముక్కతో కోరవచ్చును గనుక, అతడు రహస్యపదము లన్నియు వ్రాసియున్న ఫైలునే అచ్చువేయుమని కోరెను. యంత్రము మారు మాటాడక అచ్చువేసి యిచ్చెను! ఇరువదియైదేండ్లు గడచిన పిదప గాని ఈ సంగతి నాతడు వెల్లడి చేయలేదు. మరి నాలుగేండ్లకు, 1966 ప్రాంతమున, ఇంతకంటె నవ్వు పుట్టించు ప్రమాద మొకటి జరిగెను. యంత్రములోనికి వచ్చు ప్రతివానికిని ఆ దినపు ప్రకటన కనబడుట ఆచారము. ప్రకటనను దిద్దువాడును, రహస్యపదముల పట్టికను దిద్దువాడును ఒకే సమయమున పనిచేయుటచే రెండు ఫైళ్లును తారుమారై, వచ్చిన ప్రతివానికిని ప్రకటనకు మారుగా అందరి రహస్యపదములును కనబడినవి. తాళపుచెవులు గుత్తిగా గట్టి వీధిలో వ్రేలాడదీసినట్లైనది.

ఇక నడుమ పోయినదన్న మాట వివరించెదను. 1981 ఆగస్టులో ఐ.బి.ఎమ్. కంపెనీ తన వ్యక్తిగత కంప్యూటరును అంగడికి తెచ్చెను. ఎవరి బల్లమీద వారి కొక యంత్రము! ఇది గొప్ప స్వాతంత్ర్యమే. కాని ఫైలు మరల పెట్టెలో బంధింపబడినది. పై అంతస్తులోని యంత్రమున వ్రాసినది క్రింది అంతస్తులో కావలెనన్నచో ఫ్లాపీ యను పలుచని బిళ్లపై నెక్కించుకొని మెట్లు దిగవలెను. ఆనాటి ఫ్లాపీలో 360 కిలోబైట్లు పట్టును. అనగా ఒక్కొక్క అక్షరమునకు ఒక్క బైటు చొప్పున ఇంగ్లీషు గ్రంథమైనచో సుమారు నూట యెనుబది పుటలు. బిళ్ల వంగినను, దుమ్ము పడినను, అయస్కాంతము సోకినను వ్రాసినది పోవును. మన తాటాకు చెదలు పట్టుటకైన కొన్ని యేండ్లు పట్టెడిది.

ఇట్టి స్థితిలో 1983 ప్రాంతమున అమెరికాలోని రెండు విద్యాలయములు వేర్వేరుగా నొకే ప్రశ్నను చేపట్టినవి. వేలకొలది విద్యార్థులు గలరు. వందలకొలది యంత్రములు గలవు. ఏ విద్యార్థి యే యంత్రము ముందు కూర్చున్నను అది యాతని సొంత యంత్రమే యగునట్లు చేయుట యెట్లు? మొదటిది ఎమ్.ఐ.టి.; ఐ.బి.ఎమ్., డిజిటల్ అను రెండు కంపెనీల సాయముతో అథీనా యను పేర నీ పని నారంభించెను. ఐదేండ్ల పనియని తలపెట్టినది ఎనిమిదేండ్లు సాగి 1991లో ముగిసెను. రెండవది కార్నెగీ మెలన్ విద్యాలయము. దాని స్థాపకు లిరువురి పేర్లలోను ఆండ్రూ అను మాట యుండుటచే తమ ప్రయత్నమునకు ఆండ్రూ అనియే పేరిడిరి.

అథీనావారి బుద్ధికుశలత నెంత కొనియాడినను తగును. వారు యంత్రమును సత్రపు గదివలె భావించిరి. సత్రములోని గదిని బాటసారి నమ్మునా? నిన్న అందెవడుండెనో, తలుపుసందున నేమి పెట్టిపోయెనో తెలియదు. కావున గదిలో నేదియు విడువరాదు. విద్యార్థి ఫైళ్లు, అమరికలు అన్నియు దూరముననున్న సర్వరు అను కావలి యంత్రములలో నుంచిరి. ఒక్కొక్కని భాగమునకు లాకరు, అనగా అర, యని పేరు. ఏ విద్యార్థి యర యే సర్వరులో నున్నదో చెప్పుటకు నొక యేర్పాటు చేసి, దానికి ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ పేరు పెట్టిరి. ఒక యంత్రమున నడచు పనిని వేరొక యంత్రపు తెరపై చూపు ఎక్స్ విండో అను నేర్పాటును 1984లో నచటనే పుట్టినది.

అన్నింటికంటె ముఖ్యమైనది గుర్తింపు. సత్రపు గదిలో కూర్చుండి రహస్యపదమును తీగమీద పంపినచో త్రోవలో నెవడైన వినవచ్చును. అథీనావారు రహస్యపదము తీగ నెక్కకుండగనే పని జరుగు నుపాయము కనిపెట్టిరి. విద్యార్థి తన పేరు మాత్రమే పంపును. ద్వారపాలకుడైన సర్వరు ఒక చీటి వ్రాసి, దానిని ఆ విద్యార్థి రహస్యపదముచే మాత్రమే తెరువదగిన తాళము వేసి పంపును. రహస్యపదము తెలిసినవాడు తాళము తీసి చీటి పుచ్చుకొనును. తెలియనివాడు తాళము చూచి తిరిగిపోవును. ఆ చీటి చూపి లాకరును తెరువవచ్చును, ఉత్తరములు చదువవచ్చును, అచ్చు వేయవచ్చును. చీటికి కొన్ని గంటలే ఆయుర్దాయము. కనుక దొంగ చేజిక్కినను మరునా డది చెల్లదు. హుండీ చీటికిని దీనికిని పోలిక మీకే స్ఫురించి యుండును. ఈ యేర్పాటునకు గ్రీకుల యమలోకద్వారమున కాపుండు మూడుతలల కుక్క పేర కెర్బరోస్ అని నామకరణము చేసిరి. యముని వాకిట శ్యామశబలములను రెండు కుక్క లున్నవని మన వైదిక వాఙ్మయము చెప్పుచున్నది గదా. యవనుల కొక్క కుక్కయే యుండినను దానికి తలలు మూడు. ఈ కెర్బరోస్ పద్ధతి లోకమందలి అనేక కార్యాలయములలో నేటికిని కావలి కాయుచున్నది.

ఆండ్రూవారి ప్రతిభ నిలువ విషయమున గోచరించును. ఆ ఫైళ్ల పద్ధతిని రూపొందించినవారిలో ప్రముఖుడు మహాదేవ్ సత్యనారాయణన్, మదరాసు ఐ.ఐ.టి.లో చదివిన మన దేశీయుడు. ప్రతి అక్షరమునకు సర్వరుకడకు పోయివచ్చుచుండినచో వందలమంది తాకిడికి సర్వరు క్రుంగిపోవును. కావున వారు ఫైలు తెరచినప్పుడు దాని ప్రతిని పూర్తిగా ఎదుటి యంత్రమునకు దింపుకొని, మూసినప్పుడు మార్పులను తిరిగి పంపు పద్ధతి పెట్టిరి. ప్రతి నిచ్చునప్పుడు సర్వరు ఒక మాటయు నిచ్చును: ఈ ఫైలును మరియెవరైన మార్చినచో నీకు కబురు పంపెదను, కబురు రానంతవరకు నీ ప్రతి సరియైనదే యని నమ్ముము, అని. కబురు రాకుండుటయే క్షేమవార్త యనుకొను మన పల్లెటూరి తల్లుల పద్ధతి వంటిదే యిది. తరువాత 1987లో మొదలుపెట్టిన కోడా యను పద్ధతిలో, తీగ తెగిపోయినను చేతనున్న ప్రతితో పని సాగించి, తీగ కలసినప్పుడు లెక్కలు సరిచూచుకొను నేర్పాటును వారు సాధించిరి. రైలుబండిలో నంటు దొరకని చోట మన మనుమలు ఫోనుపై వ్రాసికొను వ్రాతలు, ఊరు చేరినపిదప తమంత తామే సర్వరున కెక్కుచున్నవన్నచో, దాని మూల మిందున్నది.

విద్యాలయముల పిదప కంపెనీల వంతు. సన్ అను కంపెనీ 1984లో ఎన్.ఎఫ్.ఎస్. అను ఫైళ్ల పద్ధతిని నిర్మించెను. దానికి తోడుగా వాడుకరుల పేర్ల పట్టికకు యెల్లో పేజెస్, అనగా పసుపు పుటలు, అని పేరు పెట్టి, ఆ పేరు ఇంగ్లండులోని టెలిఫోను సంస్థ సొత్తని తేలుటచే మార్చుకొనవలసివచ్చినది. మైక్రోసాఫ్టు కంపెనీ 1990లలో తన విండోస్ ఎన్.టి.లో సంచారము చేయు ప్రొఫైలు నొకదాని నేర్పరచెను. ఉద్యోగి యే యంత్రము కడ కూర్చున్నను, ఆతని అమరికలు, ఫైళ్లు సర్వరునుండి దిగును. లేచి పోవునప్పుడు మరల సర్వరున కెక్కును. వినుటకు బాగుగ నున్నది. కాని ఉద్యోగులు బొమ్మలు, పాటలు, సినిమాలు తెరమీదనే పెట్టుకొనుటచే, ప్రాతఃకాలమున ఆ మూట యంతయు దిగువరకు వేచియుండవలసివచ్చెను. ఒకే మనుష్యుడు రెండు యంత్రములలో పనిచేసినచో, కడపట లేచినచోటి వ్రాత మొదటిదానిని తుడిచిపెట్టుటయు గలదు. ఆండ్రూవారు పదేండ్లకు ముందే, కావలసిన ఫైలును కావలసినప్పుడే దింపుకొనుట నేర్పి యుండగా, భోషాణము మొత్తమును నెత్తికెత్తుకొని తిరుగు నీ పద్ధతి యేల పట్టిరో నా కర్థము కాదు. సన్ కంపెనీవారే 1999లో సన్ రే అను పరికరము తెచ్చిరి. చిన్న కార్డు పెట్టినచో మన తెర కనబడును. కార్డు తీసి వేరొక గదిలోని పరికరమున పెట్టినచో, సగము వ్రాసిన వాక్యము వ్రాసినచోటనే యుండును. అది చక్కని వస్తువే కాని ఎక్కువకాలము నిలువలేదు.

సామాన్యజనులకు ఈ సౌకర్యము దక్కినది వెబ్బు మూలమున. 1996 జులై 4వ తేదీన సబీర్ భాటియా, జాక్ స్మిత్ అను నిరువురు హాట్‌మెయిల్ అను తపాలా నారంభించిరి. ఎచటి యంత్రముననుండి యైనను, ఏ కార్యాలయపు అనుమతియు లేక, తన యుత్తరములు తాను చదువుకొనవచ్చును. మరుసటి సంవత్సరాంతమున మైక్రోసాఫ్టు దానిని కొనివేసెను. ఉత్తరము వచ్చినది, ఫైలు రావలెను. డ్రూ హ్యూస్టన్ అను యువకుడు, అతడును ఎమ్.ఐ.టి. విద్యార్థియే, బాస్టనునుండి న్యూయార్కు పోవు బస్సెక్కి, ఫైళ్లున్న చిన్న యు.ఎస్.బి. కడ్డీని ఇంటిలో మరచితినని గ్రహించి, ఆ విసుగుతో బస్సులోనే పని మొదలుపెట్టినట్లు చెప్పుకొనెను. అదియే 2007లో స్థాపితమైన డ్రాప్‌బాక్సు. 2012లో గూగుల్ డ్రైవు వచ్చెను.

ఇచట మన భాషకు సంబంధించిన ముచ్చట యొకటి గలదు. ఫైలు వచ్చినంతమాత్రమున చాలదు; అందలి అక్షరము కూడ రావలెను. 1990లలో తెలుగు అక్షరములు చేయు ప్రతి కంపెనీయు తన కిష్టమైన అంకెను ప్రతి అక్షరమునకు నిచ్చుకొనుచుండెను. ఒకరి యంత్రమున టైపు చేసినది వేరొకరి యంత్రమున తెరచినచో, తెలుగునకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు కనబడెడివి. మా గ్రామ దేవాలయ చరిత్ర నొకదానిని ఆ రోజులలో ఒక అచ్చుకూటమువారు టైపు చేసి ఫ్లాపీలో నిచ్చిరి. నేడు ఫ్లాపీ యున్నది. దానిని చదువు యంత్రము లేదు. ఎట్లో చదివించినను ఆ యక్షరముల మూస లేదు. మూలమైన తాళపత్రప్రతిని మాత్రము మేము నేటికిని చదువుచున్నాము. ఈ చిక్కు తీర్చినది యూనికోడు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకు 128 స్థానములు ప్రత్యేకింపబడినవి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి. మొదలుకొని సామాన్య కంప్యూటరులలో నది చేరి, క్రమముగా ఫోనులకును వ్యాపించెను. అటుపిమ్మటనే తెలుగు దస్త్రము ఏ యంత్రముననైనను తెలుగుగా కనబడుట కారంభించినది. అథీనా, ఆండ్రూల కథ యంతయు మనకు నిజముగా దక్కినది అప్పుడే యని నా తాత్పర్యము.

2015 జులై 1వ తేదీన మన కేంద్ర ప్రభుత్వము డిజిలాకరును ప్రారంభించెను. ముప్పది రెండేండ్లకు పూర్వము అథీనావారు వాడిన లాకరను మాటయే మనకును వచ్చినది. పరీక్షాపత్రములు, బండి లైసెన్సు మున్నగునవి ఇచ్చిన కార్యాలయమునుండి నేరుగా నందు చేరును. అట్లు చేరిన పత్రములు మూలపత్రములతో సమానమని 2017లో నియమము చేసిరి. రోడ్డుమీద బండి నాపిన పోలీసువానికి ఫోనులో లైసెన్సు చూపిన చాలునని 2018లో నుత్తరువు వచ్చెను. మన భోషాణములోని కాగితములలో కొన్నియైనను మన మున్నచోటికి వచ్చుచున్నవి.

కాని సత్రపు గది న్యాయమును మనవారు మరచుచున్నారు. పొరుగూరి సేవాకేంద్ర మొకదానిలో, నా కంటె ముందు వచ్చి పోయిన వృద్ధుని పత్రములు తెరమీదనే తెరచియుండుట నేను చూచితిని. ఆయన లేచి పోయెను. యంత్రము మాత్రము ఆయన యింకను కూర్చుండియే యున్నాడని తలచుచుండెను. నిర్గమించితినని చెప్పక లేచినచో, ఆ కుర్చీలో తరువాత కూర్చున్నవాడే మనము. మరియొక సంగతి. లాకరు తెరచుటకు ఫోనునకు వచ్చు ఆరంకెల ఓ.టి.పి. కావలెను. ఆ ఫోను నంబరు కొడుకుదో, అల్లునిదో, కేంద్రము నడపువానిదో యైనచో, పేరు మనది, తాళపుచెవి వారిది. నంబరెవరిదో ప్రతియొక్కరును ఒకమారు విచారించుకొనుట మంచిది.

ఉంచువాని సంగతియు చూడవలెను. 2009 అక్టోబరులో అమెరికాలో సైడ్‌కిక్ అను ఫోనుల వారి చిరునామాలు, చిత్రములు, సర్వరు చెడిపోవుటచే నొక్కమారుగా మాయమైనవి. ఫోనులో నిలుకడయైన ప్రతి యుండదు, అసలు నిలువ దూరపు సర్వరులోనే. పిదప చాలభాగము తిరిగి దొరకినను, నడుమ వారు పడిన యాందోళన చెప్పనలవి గాదు. 2012 జనవరిలో మెగాఅప్‌లోడ్ అను సంస్థను చౌర్యారోపణలపై అమెరికా ప్రభుత్వము మూసివేయగా, ఏ తప్పును చేయక తమ సొంత ఫైళ్లను అందుంచుకొన్నవారుకూడ వానిని పోగొట్టుకొనిరి. సాహుకారు దివాలా తీసిన దినమున హుండీ చీటి కాగితపు ముక్కయే గదా. ఇంటిలో నొక ప్రతి, దూరమున నొక ప్రతి యుంచుకొనువానికి నిద్ర పట్టును.

ఇక యజమానియే పోయినచో? మా యింట భోషాణపు తాళపుచెవి నాయనమ్మగారి మొలను వ్రేలాడుచుండెడిది; ఆమె పోయిన పిదప అమ్మగారి మొలకు వచ్చినది. దానికి దస్తావేజు లేదు, తగవు లేదు. రహస్యపదము తలలో నుండును గాని మొలను వ్రేలాడదు. 2013లో గూగుల్ కంపెనీ దీనికొక మార్గ మేర్పరచెను. మూడు, ఆరు, పండ్రెండు, పదునెనిమిది మాసములలో ఏదో యొక గడువును మనము కోరుకొనవచ్చును. అంతకాలము మన యలికిడి లేకున్నచో, ముందుగా మనకు హెచ్చరిక పంపి, పిదప మనము పేర్కొన్నవారికి, పదిమందివరకు, మన దస్త్రములలో మన మనుమతించినవానిని అందజేయును. ఆపిల్ కంపెనీయు 2021లో నిట్టి యేర్పాటు చేసెను. ఏమియు చెప్పక రెండేండ్లు ఖాతాను ముట్టనివారి ఫైళ్లను తుడిచివేయు నియమమును 2023 డిసెంబరునుండి గూగుల్ అమలుపరచుచున్నది. వారసుని పేరు వ్రాయుటకు ఖాతా అమరికలలో పది నిముషములు పట్టును. కన్నులు సరిగా కనబడనివారు మనుమని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పేరు తామే చెప్పి వ్రాయించుకొనవచ్చును.